మాట రాకపోతే ఖాళీ అని

మేళ్లచెరువు దాటి సున్నపురాయి క్వారీల దిక్కు పోతుంటే గాలికి ఒక రంగు ఉంటుంది. ఎండాకాలం తెలుపు, వానాకాలం బూడిద. ఆ రంగు మల్లీశ్వరి కనుబొమల మీద ఏడేళ్లు ఉంది. పొద్దున కడుక్కుంటే పోయేది, మధ్యాహ్నానికి మళ్లీ వచ్చి తన చోట తాను కూర్చునేది.

ఆమె ఉద్యోగం సిమెంటు ఫ్యాక్టరీ కాంటా మీద. లారీ వచ్చి ఇనుప పలక మీద నిలబడుతుంది, పలక చిన్నగా మూలుగుతుంది, తెర మీద బరువు వెలుగుతుంది. దాన్ని కంప్యూటర్లో ఎక్కించి, చిట్టీని తాడు కట్టిన డబ్బాలో వేసి డ్రైవర్ దగ్గరికి దింపాలి. గది అంత ఎత్తులో ఉంటుంది. ఉత్తరం కిటికీ లారీల కోసం. దక్షిణం కిటికీ ఎందుకు పెట్టాడో కట్టిన మేస్త్రీకే తెలియాలి. అందులోంచి ఒక వంపు కనబడుతుంది.

క్వారీలోంచి తీసిన పనికిరాని మట్టిని, రాళ్లను పెద్ద కట్టలా పోశారు. ఆ కట్టకూ ఊరి చేన్లకూ నడుమ ఉన్న పల్లమే ఆ వంపు. వాననీళ్లు అక్కడ నాలుగు దినాలు ఎక్కువ ఆగుతాయి. చుట్టుపక్కల నేలంతా తెల్లగా పొడిబారిన రోజుల్లో కూడా అక్కడ పచ్చగడ్డి ఉంటుంది. క్వారీలో నిలబడితే కట్ట అడ్డం. ఊరిలో నిలబడితే దూరం. ఆ పచ్చదనాన్ని చూసేది మల్లీశ్వరి కిటికీ ఒక్కటే.

ఆమె గొర్రెలు కాచే కురుమల ఇంటి బిడ్డ. తండ్రి చిన్నప్పుడే పోతే పెదనాన్న బీరప్ప తన గొంగడి అంచున పడుకోబెట్టుకుని పెంచాడు. ఏ గొర్రెపిల్ల ఏ తల్లిదో చీకట్లో తడిమి చెప్పగల మనిషి. బస్సు బోర్డు మాత్రం చదవలేడు. తెలంగాణ వచ్చిన రెండేళ్లకు, డిగ్రీ అయిపోయిన మల్లీశ్వరికి ఈ కొలువు దొరికింది. బీరప్ప వచ్చి కాంటా గదిని కింద నుంచి చాలాసేపు చూశాడు.

"మంచె లెక్క ఉన్నది బిడ్డా. మంచె మీద కూసున్నోళ్లు కన్ను మూయొద్దు."

"గీడ పిట్టలు రావు పెద్దనాయినా, లారీలొస్తయి."

"లారీలు దొంగతనంగ మేస్తయా ఏంది?" అని నవ్వుకుంటూ పోయాడు.

ఆ వంపులో మంద మేపేది ఎక్కువగా అతనే. అరవై దాటాయి. కుడి చెవి ఎప్పుడో పోయింది, ఎడమ చెవి సగం మిగిలింది. క్వారీ సైరన్ అతనికి దూరంగా ఎగిరే ఈగ.

వారానికి మూడుసార్లు, మధ్యాహ్నం రెండింటికి క్వారీలో పేలుడు ఉంటుంది. పేల్చేవాడు గిరి, ఆ పనికి లైసెన్సు ఉన్న మనిషి. మందు కూరిన రంధ్రాల దగ్గరికి సెల్‌ఫోన్ పోకూడదని నియమం. గిరి, అతని మనుషులు ఫోన్లను గేటు దగ్గర కర్రపెట్టెలో వేసి పోతారు. అందుకని గిరి దాక్కుని మీట నొక్కే ఇనుప షెల్టర్లోకి తీగ లాగి ఒక కంప్యూటర్ పెట్టారు. అక్కడా, కాంటా గదిలో, మేనేజర్ గదిలో, ఇంకో పది చోట్లా ఒకరికొకరు మాటలు రాసుకునే చిన్న యాప్ ఉండేది. క్వారీకి మూడు వైపులా ఎర్రజెండాలు పట్టుకుని మనుషులు నిలబడతారు. నాలుగో వైపు కట్ట ఉంది కదా అని ఎవరినీ పెట్టలేదు. చేరిన కొత్తలో ఒకరోజు మల్లీశ్వరి కిటికీలోంచి గొర్రెల్ని చూసి ఆ యాప్‌లో రాసింది. గిరి ఆగాడు. ఆ రోజు నుంచి నాలుగో జెండా ఆమె. ఏ ఆర్డరు కాగితంలోనూ ఆ సంగతి లేదు.

ఆ పాత యాప్ చూడ్డానికి ఏమీ బాగుండేది కాదు. తెర మూలన అరచేయంత బూడిదరంగు పెట్టె. బొమ్మలు రావు, తెలుగు రాదు. తెలుగు రాస్తే అటువైపు చిన్న చిన్న డబ్బాలుగా పడేది. కానీ కంప్యూటర్ పూర్తిగా కళ్లు తెరవకముందే అది లేచి కూర్చునేది. మాట రాసి నొక్కితే, గడప దగ్గర చెప్పు విడిచినంత చప్పుడు చేసి, ఆ క్షణమే గిరి ముందు పడేది. ఐదారేళ్లలో ఒక్కసారీ ఆలస్యం చెయ్యలేదు.

మొదట్లో ఆమె ప్రతిసారీ రాసేది. ఎవరూ లేకపోతే ఖాళీ అని, ఉంటే ఆగు అని. పోనుపోను, ఎవరూ లేని రోజు రాయడం మానేసింది. ఎవరూ మానమనలేదు. మొదటి సైరన్ ఒంటిగంటా నలభై ఐదుకు మోగుతుంది. రెండో సైరన్ దాకా ఆమె నుంచి మాట రాకపోతే ఖాళీ అని గిరి లెక్క. తలుపు కొట్టని ఇంట్లో చుట్టం లేనట్టే. అంత నమ్మకంగా మాట చేరేచోట మౌనం కూడా ఒక మాటైపోయింది. ఇద్దరూ దాన్ని చదవడం నేర్చుకున్నారు, రాసుకున్న ఒప్పందం ఏదీ లేకుండానే.

గిరి ఏడో తరగతి దాకా తెలుగులో చదివినవాడు. ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగును వేలు పెట్టి కూడబలుక్కునేవాడు.

"చెల్లె, నీ ఇంగిలీసు సదివేలోపు నా మందు తడిసిపోతాంది. తెలుగుల రాసే ఇకమతు ఏదన్న లేదా?"

అందుకే, పెద్దాఫీసు కొత్త యాప్ తెస్తోందని, ముందు నాలుగు చోట్ల పెట్టి చూస్తారని తెలిసినప్పుడు మల్లీశ్వరి తానే మేనేజర్ శ్రీశైలం దగ్గరికి పోయింది. కాంటాలో, షెల్టర్లో పెట్టండి సార్ అని అడిగింది. పెట్టారు. తెలుగు అక్షరాలు వానకు కడిగిన ఆకుల్లా తెర మీద నిలిచాయి. గిరి మొదటి రోజు ఒక పువ్వు బొమ్మ పంపి, "ఇగ మనం గూడ సదువుకున్నోళ్లమే" అని రాశాడు. ఎట్లా ఉందో రాసివ్వమని కాగితం వస్తే ఆమె రాసింది: 'తెలుగు చాలా బాగా వస్తోంది.' కింద సంతకం పెట్టింది.

వారం తిరగకముందే ఆమెకు తెలిసింది. కాంటా గది కంప్యూటర్ పాతది. బరువులు ఎక్కించే ప్రోగ్రాము, గేటు కెమెరా, వాటి పక్కన ఈ కొత్తది. మూడూ కలిసి ఒకే మంచం మీద పడుకున్న ముగ్గురిలా ఒకదాన్నొకటి తోసుకునేవి. యాప్ తెరుచుకోవడానికే టీ తాగేంత సేపు. రాస్తుంటే అక్షరాలు చేతి వెనకాల నడిచి వచ్చేవి. అప్పుడప్పుడు పెట్టె మొత్తం తెల్లబడి, సున్నం కొట్టిన గోడలా నిలబడి, కాసేపటికి మళ్లీ మొదటి నుంచి వచ్చేది. గిరి జవాబులూ ఆలస్యంగానే వచ్చేవి.

శ్రీశైలానికి చెప్పాలని రెండుసార్లు మెట్లు దిగింది. రెండుసార్లూ నడుమ ఆగిపోయింది. అడిగి తెప్పించుకున్నది తానే. సంతకం తనదే. అడిగి వండించుకున్న కూర బాగాలేదని ఏ నోటితో చెప్పడం? అలవాటైతే అదే సర్దుకుంటుందిలే అనుకుంది. మౌనం మాత్రం పాతదే వాడుతున్నారు. మాట రాకపోతే ఖాళీ అనే లెక్కను, యాప్ మారింది కదా, మనమూ మారుద్దామా అని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

రెండు నెలలు గడిచాయి. కార్తీకంలో ఒక బుధవారం. ముందురోజు కాలం కాని వాన పడింది. మొదటి సైరన్ మోగింది. మల్లీశ్వరి అలవాటుగా దక్షిణం వైపు తిరిగింది. కట్ట నీడలో బూడిదరంగు మంద మెల్లగా కదులుతోంది, నేల మీదికి దిగిన మబ్బు ముక్కలా. నడుమ నల్లటి గొంగడి. బీరప్ప.

అతనికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. యాప్‌లో గబగబా రాసింది: 'ఆగు అన్నా. వంపుల పెద్దనాయిన ఉన్నడు, గొర్లున్నయి.' నొక్కింది. అక్షరాలు ఇంకా తెర మీదికి రానేలేదు. పెట్టె తెల్లబడింది. కింద రెండు లారీలు హారన్లు కొడుతున్నాయి.

"అక్కా, డబ్బా దింపవా? ఇక్కడనే కాపురం పెట్టుమంటవా?" కింద నుంచి డ్రైవర్.

"అగో, వస్తాంది!"

ఆమె చిట్టీ చించి డబ్బాలో వేసి దింపి, తిరిగి చూసింది. యాప్ మళ్లీ వచ్చింది. రాసే చోటు ఖాళీగా ఉంది. ఏళ్ల తరబడి ఆమె కంటికి తెలిసిన సంగతి ఒక్కటే: రాసే చోటు ఖాళీ అయిందంటే మాట పోయింది, చేరింది. ఆమె గుండె కుదుటపడింది. గిరి జవాబు నెమ్మదిగా వస్తుందిలే. రెండో లారీ పలక మీదికి ఎక్కింది.

రెండో సైరన్ మోగింది.

ఆగినవాడు రెండో సైరన్ మోగించడు. ఈ సంగతి ఆమె తలకు చేరే లోపలే కాళ్లు మెట్ల మీద ఉన్నాయి. సగం మెట్లు దిగేసరికి నేల కిందినుంచి ఒక దెబ్బ వచ్చింది. దాని వెనక చప్పుడు. దాని వెనక, కట్ట మీదుగా, ఎగిరిన రాళ్లు. ఆకాశంలో అవి చాలా నెమ్మదిగా పోతున్నట్టు కనిపించాయి.

ఏడు గొర్రెలు చచ్చిపోయాయి. బీరప్పకు తల పక్కన రాయి తగిలింది. ప్రాణం నిలిచింది. మిగిలిన సగం చెవి పోయింది.

మరునాడు పెద్దాఫీసు పంపిన కంప్యూటర్ మనిషి హైదరాబాద్ నుంచి వచ్చాడు. పేరు విజేందర్. ముప్పై నిండని పిల్లగాడు. కాంటా గదిలో కూర్చుని గంటసేపు వెతికాడు. మల్లీశ్వరి గోడకు ఆనుకుని నిలబడింది.

"ఒంటిగంటా నలభై ఏడుకు యాప్ తనంతట తాను మళ్లీ మొదలైంది అక్కా. రికార్డుల గంతే ఉంది."

"నేను రాసింది?"

"అది పోకముందే యాప్ పడిపోయింది. ఏడ లేదు."

"పాతది గిట్ల ఒక్కనాడు చెయ్యలె."

అతను కుర్చీ తిప్పాడు. తిట్టించుకోవడానికి సిద్ధపడి వచ్చినవాడిలా ఉన్నాడు. "పాతది ఈ మెషిన్ కోసమే రాసింది అక్కా. దీని భాషల, దీనికి తగ్గట్టు. కొత్తది అట్ల కాదు. లోపలున్నది ఇంటర్నెట్ పేజీ. ఆ పేజీ నడవాలంటే బ్రౌజర్ కావాలె కదా, ఆ బ్రౌజర్ మొత్తాన్ని దాని చుట్టూ మూటగట్టి, పైన యాప్ అని బొమ్మ పెడతరు. జాగా సరిపోకపోతే పేజీ పడిపోతది, మళ్ల లేస్తది. లేసినంక ముందటి సంగతి యాదికుండదు."

"అంటే ఒక్క చిట్టీ పంపుతందుకు పోస్టాఫీసు మొత్తాన్ని నెత్తి మీద పెట్టుకొని ఉరకాలె."

"గంతే." అతనికి నవ్వు రాబోయి ఆగింది. "కానీ ఒక్కసారి రాస్తే అన్ని మెషిన్ల మీద, అన్ని ఫోన్ల మీద నడుస్తది. తెలుగు, తమిళం అన్నీ వస్తయి. పాతది రాసినాయన పోయి ఎన్నేళ్లయిందో. ఒక్క అక్షరం మార్చుదామన్నా మనిషి లేడు. అందరు ఇదే తొవ్వ పట్టిండ్రు అక్కా. కొత్త కంప్యూటర్ల మీద మంచిగనే నడుస్తది."

"మా కంప్యూటర్ కొత్తది కాదని తెల్వదా మీకు?"

"మీరు మంచిగుందని రాసిచ్చిండ్రు కదా," అన్నాడు అతను, నిందగా కాదు, గుర్తొచ్చి. అది ఎక్కడ తగిలిందో అతనికి తెలియదు.

గిరి ఆ సాయంత్రం గేటు బయట చింతచెట్టు కింద ఆమె కోసం నిలబడి ఉన్నాడు. రెండు రోజుల గడ్డం.

"నీ మాట రాలె చెల్లె. తెరను చూసుకుంట పది నిమిషాలు కూసున్న. రాలె కాబట్టి..."

"నేను రాసిన అన్నా."

"నేను నొక్కిన." అతను తన బొటనవేలిని చూసుకున్నాడు, అది వేరే ఎవరిదో అయినట్టు.

శుక్రవారం శ్రీశైలం పిలిచాడు. చెడ్డవాడు కాదు. ఆమె పెళ్లి కుదిరి తప్పిపోయినప్పుడు నెల రోజులు ఎవరూ ఆమెను ఏమీ అడగకుండా చూసుకున్న మనిషి. ఇప్పుడు తెల్లకాగితం ఆమె ముందుకు జరిపాడు.

"రేపు గనుల ఆఫీసోళ్లు వస్తున్నరు. నీ వాంగ్మూలం కావాలె. రాయి, వంపుల ఎవరూ కనబడలేదని."

"కనబడ్డరు సార్."

"ఏడ ఉంది కనబడ్డట్టు? ఒక్క అక్షరం చూపెట్టు. చూసినవంటే, చూసి ఊకున్నవంటరు. పెద్దనాయిన మీద కోపముండె అని గూడ అంటరు, మనుషుల నోర్లు నీకు తెల్వయా? చూడలేదంటే కథ అక్కడికి ఒడుస్తది. సైరన్ మోగింది. ముసలాయనకు వినబడలె. హద్దు దాటి వచ్చిండు. దవాఖాన సంగతి కంపెనీ చూసుకుంటది."

"దయతోని. హక్కుగ కాదు."

"దేంతోని అయితేంది మల్లీశ్వరీ! నేను నిన్ను కాపాడాలని చూస్తున్న."

నిజమే, అతను కాపాడాలనే చూస్తున్నాడు. ఆమె అన్న మాటకు సాక్ష్యం లేదు. తెల్లబడ్డ పెట్టెలోకి రాలిపోయిన ఆ అక్షరాలు ఏ తెర మీదా, ఏ కాగితం మీదా లేవు. అవి ఉన్నాయని తెలిసినది ఆమె వేళ్లకు మాత్రమే. ఎవరూ కనబడలేదు అని రాస్తే కంప్యూటర్ కూడా ఆమె పక్షానే నిలబడుతుంది. రేపు పొద్దున కాగితం ఇస్తానని లేచింది.

కోదాడ దవాఖానలో బీరప్ప గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. తల చుట్టూ కట్టు. పెద్దమ్మ రామమ్మ మంచం కింద కూర్చుని, మల్లీశ్వరిని చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏం జెప్పినా ఇనబడతలేదే బిడ్డా. గొర్ల సంగతి అడుగుతుండు. ఎన్ని ఉన్నయో చేతులతోని చూపెట్టిన. మిగిలినయి చూపెట్టిన గని పోయినయి చూపెట్టలె. లెక్క రాదా ఆయనకు?"

బీరప్ప ఇటు తిరిగాడు. చెవులు పోయినవాళ్లు గొంతు ఎంత ఎత్తాలో మరిచిపోతారు. అతని మాట వార్డు మొత్తానికి వినిపించింది.

"మంచె మీద ఉంటివి కదా బిడ్డా. నేను కనబడ్డనా?"

నాలుగు మంచాల మీది మనుషులు ఆమె వైపు చూశారు. చదవడం రాని, వినడం పోయిన మనిషికి చెప్పడానికి ఆమె దగ్గర ఏ యాప్ లేదు, ఏ భాషా లేదు. తల ఒక్కటి ఉంది. అడ్డంగా తిప్పితే లేదు. కిందికి వంచితే అవును. చూశాను, రాశాను, అది పోలేదు, పోయిందనుకున్నాను, లారీ వచ్చింది, ఇవన్నీ తలతో చెప్పే మాటలు కావు. అవును అంటే చూసి కూడా నన్ను ఇట్లా అయ్యేదాకా ఉంచిందని అతను అనుకోవచ్చు. లేదు అంటే మంచె మీద నిద్రపోయిందనుకుని క్షమిస్తాడు. లేదు అనడమే తేలిక.

ఆమె తల కిందికి వంచింది.

అతను ఆమెను చాలాసేపు చూశాడు. ఆ చూపులో ఏముందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. తర్వాత కళ్లు మూసుకున్నాడు.

తిరుగు బస్సులోనే, ఒడిలో సంచి పెట్టుకుని దాని మీద కాగితం పరిచి రాసింది. బస్సు గుంతల్లో పడ్డప్పుడల్లా అక్షరాలు వంకర పోయాయి. వాటిని దిద్దలేదు.

'ఒంటిగంటా నలభై ఆరుకు వంపులో బీరప్పను, మందను చూసినాను. ఆగమని రాసినాను. నా మాట పోలేదు. పోయిందనుకొని లారీ పని చూసుకున్నాను. కొత్త యాప్ ఆగిపోతుందని నాకు రెండు నెలలుగా తెలుసు. నేనే అడిగి పెట్టించుకున్నాను కాబట్టి ఎవరికీ చెప్పలేదు. మాట రాకపోతే ఖాళీ అని మేము అనుకున్నది తప్పు. ఇకమీద ఖాళీ అని మాట వచ్చేదాకా పేల్చవద్దు.'

శ్రీశైలం చదివి, కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టాడు. "నిన్ను అక్కడ ఉంచలేను," అన్నాడు. ఆమె సరే సార్ అంది.

ఇప్పుడు ఆమె ప్యాకింగ్ షెడ్‌లో బస్తాలు కుట్టే మిషన్ల దగ్గర పని చేస్తోంది. అక్కడ కిటికీ లేదు. గాలి రంగు కనుబొమల మీదే కాదు, రెప్పల మీద కూడా కూర్చుంటోంది. కాంటా గదిలో, షెల్టర్లో కొత్త కంప్యూటర్లు వచ్చాయి. యాప్ అదే. మంచిగనే నడుస్తోందట. కాంటా మీద అక్షిత అనే అమ్మాయి చేరింది. రోజూ ఒంటిగంటా నలభై ఐదుకు వంపును చూసి ఖాళీ అని రాస్తుంది. గిరి ఖాళీ అని తిరిగి రాస్తాడు. అది వచ్చాక ఆమె మళ్లీ అవును అని రాస్తుంది. ఒక్క మాట మూడుసార్లు నడవనిదే బొటనవేలు కదలదు. గనుల ఆఫీసు ఆ పద్ధతిని కాగితం మీద పెట్టించింది.

మొదటి సైరన్ మోగినప్పుడు మిషన్ దగ్గర మల్లీశ్వరి చేతులు ఆగుతాయి. రెండో సైరన్ దాకా ఆమె ఏ బస్తానూ కుట్టదు. పక్కవాళ్లు మొదట తిట్టేవాళ్లు. ఇప్పుడు ఆ కాసేపు వాళ్లే చూసుకుంటున్నారు.

మొన్న ఆదివారం ఊరికి పోయినప్పుడు బీరప్ప వాకిట్లో కూర్చుని గొంగడి అంచు కుట్టుకుంటున్నాడు. ఆమె పక్కన కూర్చుంది. చెవులు పోయిన తర్వాత అతను మాటలు తగ్గించాడు. ఉన్నట్టుండి అన్నాడు:

"ఆ మంచె మీద ఎవరున్నరిప్పుడు?"

ఆమె చెయ్యి తన భుజం దాకా ఎత్తి చూపించింది. ఒక చిన్న పిల్ల అని.

"మంచిగ సూస్తదా?"

తల వంచింది.

"నువ్వు జెప్పినవా?"

మళ్లీ వంచింది. అతను దారాన్ని పంటితో తెంపాడు. వంపులో ఈసారి గడ్డి మోకాలెత్తు పెరిగిందని అక్షిత చెప్పిన సంగతిని ఆమె చేతితో చూపించింది. అతను ఆ చేతిని చూసి, కట్ట ఉన్న దిక్కుకు ఒకసారి చూశాడు.

"పోయిన బిడ్డా. రెండుసార్లు తోలుకపోయిన. కట్ట మొదలుకాడికి పోయి నిలబడుతున్నయి. ఎంత అదిలిచ్చినా ఒక్క గొర్రె దిగుతలేదు." నెమ్మదిగా అంటున్నాననుకుని బిగ్గరగానే అన్నాడు. "నాకైతే మనసుల ఏం లేదు."